యూనిట్ 14: వలస మత్స్యకారులకు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ భావనను, అందులోని మౌలికాంశాలను వివరించగలుగుతారు.
• శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు జరిగే వలస స్వరూపాన్ని తెలియజేయగలుగుతారు.
• చేపల వేట వల్ల కలిగే ఆరోగ్య సమస్యలను వర్గీకరించగలుగుతారు.
• వలస మత్స్యకారులకు సేవలు సక్రమంగా అందకపోవడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
• వలస క్యాలెండర్ ఆధారంగా ఒక గ్రామానికి సేవల ప్రణాళికను రూపొందించగలుగుతారు.

14.1 పరిచయం

ఉప కేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సామాజిక ఆరోగ్య కేంద్రం అనే మూడంచెల వ్యవస్థ మన దేశంలో గ్రామీణ ఆరోగ్య సేవలకు పునాది. మైదాన ప్రాంతాల్లో 5,000 జనాభాకు ఒక ఉప కేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. ఈ లెక్క వెనుక ఒక అంచనా ఉంది. మనిషి ఏడాది పొడవునా ఒకే ఊళ్లో ఉంటాడని, జబ్బు చేస్తే ఆ ఊరికి దగ్గరలోని కేంద్రానికి వస్తాడని వ్యవస్థ భావిస్తుంది. ఆశ కార్యకర్త వద్ద ఉండే ఇంటింటి జాబితా కూడా ఈ అంచనాతోనే తయారవుతుంది.

ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది నెలలు వేరే రాష్ట్రపు రేవులోను, అందులోనూ ఎక్కువ రోజులు నడిసముద్రంలోను గడిపే మనిషికి ఈ అంచనా వర్తించదు. సొంత ఊరి జాబితాలో అతని పేరు ఉంటుంది కాని మనిషి ఉండడు. పని చేసే రేవులో మనిషి ఉంటాడు కాని అక్కడి జాబితాలో పేరు ఉండదు. వలస మత్స్యకారుడికి వైద్యం అందకపోవడానికి ప్రధాన కారణం ఆసుపత్రులు లేకపోవడం కాదు, రెండు జాబితాల మధ్య అతను జారిపోవడం. దీన్ని సరిదిద్దాలంటే సేవలను ఊరి చిరునామా ప్రకారమే కాక, వేట క్యాలెండర్ ప్రకారం కూడా ఏర్పాటు చేయాలి. ఈ యూనిట్‌లో మనం చర్చించే ముఖ్య విషయం ఇదే.

14.2 ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ: భావన

1978 సెప్టెంబర్‌లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సంయుక్తంగా ఒక అంతర్జాతీయ సదస్సును నిర్వహించాయి. అక్కడ వెలువడిన ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సంరక్షణకు ఎనిమిది మౌలికాంశాలను పేర్కొన్నది. అవి:

1. ఆరోగ్య సమస్యల గురించి, నివారణ గురించి ప్రజలకు విద్య
2. ఆహార సరఫరా, సరైన పోషణ
3. సురక్షితమైన తాగునీరు, పారిశుద్ధ్యం
4. కుటుంబ నియంత్రణతో కూడిన తల్లీబిడ్డల సంరక్షణ
5. ప్రధానమైన అంటువ్యాధులకు టీకాలు
6. స్థానికంగా వ్యాపించే వ్యాధుల నివారణ, నియంత్రణ
7. సాధారణ జబ్బులకు, గాయాలకు తగిన చికిత్స
8. అత్యవసర మందుల సరఫరా

ఈ ప్రకటనలో మన పాఠానికి ముఖ్యమైన భావన మరొకటి ఉంది. ఆరోగ్య సంరక్షణ ప్రజలు నివసించే చోటికే కాక, పని చేసే చోటికి కూడా వీలైనంత దగ్గరగా రావాలి. రైతుకు ఇల్లు, పొలం ఒకే ఊళ్లో ఉంటాయి. వలస మత్స్యకారుడి ఇంటికీ, అతను పని చేసే రేవుకూ మధ్య సుమారు రెండు వేల కిలోమీటర్ల దూరం ఉంది.

14.3 వలస స్వరూపం: శ్రీకాకుళం నుంచి వేరావల్

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కి.మీ. తీరరేఖ ఉంది. తీరం పొడవైనదే అయినా పెద్ద మరపడవలు నిలిచే హార్బర్ సౌకర్యం చాలాకాలంగా ఇక్కడ లేదు. తెప్పల మీద, చిన్న పడవల మీద చేసే వేట ఏడాది పొడవునా కుటుంబాన్ని పోషించదు. అందువల్ల ఎచ్చెర్ల మండలంలోని డి. మత్స్యలేశం, బడివానిపేట వంటి గ్రామాల నుంచి, పొరుగున ఉన్న విజయనగరం జిల్లా తీరం నుంచి పురుషులు గుజరాత్‌లోని గిర్ సోమనాథ్ జిల్లా వేరావల్‌కు వెళుతున్నారు. దేశంలోని పెద్ద చేపల రేవుల్లో వేరావల్ ఒకటి.

అక్కడి బోటుకు నాయకుడు తండేల్. మన తీరంలో సరంగు చేసే పనే అక్కడ తండేల్ చేస్తాడు. 2025లో విడుదలైన సినిమా వల్ల ఈ మాట తెలుగువారందరికీ పరిచయమైంది. తండేల్ బోటు యజమాని నుంచి అడ్వాన్సు తీసుకుని, తన ఊరి నుంచి, బంధువుల నుంచి కళాసీలను కూడగడతాడు. అంటే ఉపాధి కల్పించేది, భాష తెలిసి మాట్లాడేది, జబ్బు చేస్తే నిర్ణయం తీసుకునేది ఒకే మనిషి. ఆరోగ్య ప్రణాళికలో తండేల్ పాత్ర ఎందుకు కీలకమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వేట కాలం నిషేధ తేదీలను అనుసరించి నడుస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరపడవలతో వేట నిషేధం. గుజరాత్ రేవుల్లో సాధారణంగా ఆగస్టులో వేట మొదలవుతుంది. కార్మికులు ఆ సమయానికి అక్కడికి చేరుకుని, తిరిగి ఏప్రిల్, మే నెలల్లో ఇంటికి వస్తారు. ఒక్కో ట్రిప్పులో బోటు రెండు, మూడు వారాల పాటు సముద్రంలోనే ఉంటుంది. తరువాత చేపలు దించి, ఐసు, డీజిల్, సరుకులు ఎక్కించే కొద్ది రోజులు మాత్రమే రేవులో ఉంటుంది. చాలామందికి నివాసం కూడా బోటే.

ఈ బతుకు ఎంత అభద్రమైనదో రెండు సంఘటనలు తెలియజేస్తాయి. 2018 చివరలో గుజరాత్ బోట్లలో వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు సముద్ర సరిహద్దు వద్ద నిర్బంధించారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు గుండా తిరిగి వచ్చారు. అన్ని నెలలూ వారి కుటుంబాలు సంపాదన లేకుండా, సరైన కబురు లేకుండా గడిపాయి. ఆ తరువాత కొద్ది నెలలకే, 2020 కోవిడ్ లాక్‌డౌన్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన నాలుగు వేల మందికి పైగా మత్స్యకారులు వేరావల్ రేవులో ఇరుక్కుపోయారు. ఇరుకైన బోట్లలోనే వారాల పాటు గడిపి, ఏప్రిల్ చివరలో బస్సుల్లో స్వస్థలాలకు బయలుదేరారు. అంతమంది తెలుగువారు అక్కడ ఉన్నారని చాలామందికి అప్పుడే తెలిసింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) ఆల్మా ఆటా ప్రకటన ఏ సంవత్సరంలో వెలువడింది?
ఆ) తండేల్ ఎవరు? ఆరోగ్య ప్రణాళికలో అతని పాత్ర ఎందుకు కీలకం?

14.4 వేట వృత్తి – ఆరోగ్య సమస్యలు

వీటిని నాలుగు వర్గాలుగా పరిశీలించవచ్చు.

14.4.1 గాయాలు, ప్రమాదాలు: వించి, తాళ్ల మధ్య వేళ్లు, చేతులు నలగడం, తడి డెక్ మీద జారిపడడం, నీళ్లలో పడిపోవడం ప్రధానమైనవి. జెల్ల చేప ముల్లు, తోకలో విషపు ముల్లు ఉండే టేకు చేప గుచ్చుకోవడం తరచుగా జరుగుతుంది. ఉప్పునీటిలోని కొన్ని బాక్టీరియాలు గాయం ద్వారా ప్రవేశిస్తే గంటల వ్యవధిలోనే వాపు, జ్వరం, నల్లటి బొబ్బలు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. షుగర్, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చేపలు నిల్వ చేసే గదిలో అవి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు చేరుతుంది. లోపల పడిపోయిన మనిషిని కాపాడబోయి దిగినవారు కూడా మరణించే ప్రమాదం ఉంది.

14.4.2 అంటువ్యాధులు: గాలి ఆడని క్యాబిన్‌లో అందరూ పక్కపక్కనే పడుకోవడం క్షయ వ్యాప్తికి అనుకూలం. అనేక బోట్లలో మరుగుదొడ్డి ఉండదు, తాగునీటిని పొదుపుగా వాడుకోవాలి. దానివల్ల విరేచనాలు, చర్మవ్యాధులు కలుగుతాయి. ఇంటికి దూరంగా నెలల తరబడి గడపడం వల్ల సుఖవ్యాధులు, హెచ్ఐవి ముప్పు కూడా ఉంటుంది. ఈ విషయంలో ఆరోగ్య కార్యకర్త జాగ్రత్తగా వ్యవహరించాలి. వలస వెళ్లినవారందరినీ అనుమానంతో చూస్తే పరీక్షకు ఎవరూ రారు. రహస్యం కాపాడతారన్న నమ్మకం కలిగితేనే వస్తారు.

14.4.3 దీర్ఘకాలిక వ్యాధులు: ఉప్పుచేప, పొగాకు, మద్యం, నిద్రలేమి రక్తపోటును పెంచుతాయి. ఇంజను చప్పుడుకు వినికిడి తగ్గుతుంది. బరువులు లాగడం వల్ల నడుము నొప్పి, కీళ్ల నొప్పులు వస్తాయి. ఇక్కడ శ్రీకాకుళం జిల్లాకు ప్రత్యేకమైన సమస్యను గుర్తుంచుకోవాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు తదితర మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉంది. దానికి నిర్దిష్టమైన కారణాన్ని శాస్త్రవేత్తలు ఇంకా నిర్ధారించలేదు. కాని డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలను తరచుగా వాడడం, ఎండలో సరిపడా నీళ్లు తాగకుండా పని చేయడం మూత్రపిండాలకు హాని చేస్తాయన్నది వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయం. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని రోజూ మింగుతూ వేట చేసే ఉద్దానం యువకుడికి ఈ రెండు ముప్పులూ ఒకేసారి ఎదురవుతాయి.

14.4.4 మానసిక సమస్యలు, కుటుంబం: అడ్వాన్సు అప్పు, ఒంటరితనం, సరిహద్దు దాటుతామన్న భయం కార్మికుడిని కుంగదీస్తాయి. ఇంటి దగ్గర భార్య ఒక్కతే పిల్లల టీకాలు, అత్తమామల వైద్యం, అప్పుల వసూళ్లు అన్నీ చూసుకుంటుంది. గర్భిణి అయితే కాన్పు సమయానికి భర్త దగ్గర ఉండకపోవచ్చు. కాబట్టి వలస ఆరోగ్యం అంటే వెళ్లినవారి ఆరోగ్యం మాత్రమే కాదు, ఊళ్లో మిగిలినవారి ఆరోగ్యం కూడా.

14.5 సేవలు ఎందుకు అందడం లేదు?

ఒక ఉదాహరణ ద్వారా దీన్ని పరిశీలిద్దాం. ముప్పై ఏళ్ల కళాసీ ఒకరు ఆగస్టులో వేరావల్ వెళ్లాడనుకుందాం. అక్టోబర్‌లో దగ్గు మొదలైంది. సముద్రంలో ఉండగా తండేల్ దగ్గరున్న దగ్గు మందు తాగాడు. రేవుకు వచ్చిన రోజు చేపలు దించేసరికి సాయంత్రమైంది, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ ముగిసింది. మందుల షాపులో గుజరాతీలోనో హిందీలోనో రెండు మాటలు చెప్పి యాంటీబయాటిక్ కొనుక్కున్నాడు. డిసెంబర్‌లో బరువు తగ్గి, తెమడలో రక్తం పడ్డాక పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. మందులకు లొంగే క్షయకు చికిత్స కనీసం ఆరు నెలలు. రెండు వారాల మందులు ఇచ్చి మళ్లీ రమ్మన్నారు. బోటు మూడు వారాలు తిరిగి రాలేదు. మందు ఆగింది. మే నెలలో ఇంటికి వచ్చేసరికి క్యాబిన్‌లో తోటివారికి సోకే అవకాశం కలిగింది, అతనికి మందులకు లొంగని క్షయ ఏర్పడే ముప్పు పెరిగింది.

ఈ ఉదాహరణలో క్షయ మందులు ఉచితమే, వైద్యులు ఉన్నారు, పరీక్ష సౌకర్యం కూడా ఉంది. అయినా చికిత్స విఫలమైంది. దానికి కారణాలను ఈ విధంగా పేర్కొనవచ్చు:

• సమయం: ఆసుపత్రి వేళలు, బోటు వేళలు కలవలేదు.
• భాష: లక్షణాలను వివరంగా చెప్పుకునే వీలు లేదు.
• ఆదాయం: ఒక ట్రిప్పు మానితే సంపాదన పోతుంది, అడ్వాన్సు తీరదు.
• రికార్డు: సొంత ఊరి ఆరోగ్య సిబ్బందికి సమాచారం అందలేదు.
• మందుల పరిమాణం: ట్రిప్పు మూడు వారాలైతే రెండు వారాల మందులే ఇచ్చారు.

వీటిలో చివరి రెండింటికీ పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. క్షయ రోగుల వివరాలు నమోదయ్యే నిక్షయ్ పోర్టల్‌లో రోగిని ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు బదిలీ చేసే వీలుంది. ట్రిప్పుకు సరిపడా మందులు ఇచ్చి, రోజూ మింగించే బాధ్యతను బోటులో ఒకరికి అప్పగించవచ్చు. అందుకు కావలసింది ‘మీ బోటు మళ్లీ ఎప్పుడు వస్తుంది?’ అని రోగిని అడగడం.

14.6 వలస క్యాలెండర్ – నాలుగు దశల సేవలు

14.6.1 బయలుదేరే ముందు (మే – జూలై): పురుషులంతా ఊళ్లో ఉండే కాలమిది. తేదీలు ముందుగానే తెలుసు కాబట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గ్రామంలో శిబిరం నిర్వహించవచ్చు. బీపీ, షుగర్, క్షయ లక్షణాల పరీక్ష, ఉద్దానం ప్రాంతంలో రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, అవసరమైనవారికి ధనుర్వాత టీకా ఇందులో ఉండాలి. బీపీ, షుగర్ మందులు వాడేవారికి వీలైనన్ని ఎక్కువ రోజులకు మందులు ఇచ్చి, మందు పేరు, మోతాదు రాసిన చీటీ ఇవ్వాలి. ఆశ కార్యకర్త తన జాబితాలో ‘వలస’ అని రాసి వదిలేయకుండా, వెళ్లిన రేవు, బోటు, తండేల్ ఫోను నంబరు, తిరిగి వచ్చే నెల నమోదు చేయాలి.

14.6.2 రేవులో: హార్బర్ దగ్గర సాయంత్రం వేళ నడిచే క్లినిక్, తాగునీరు, మరుగుదొడ్లు అవసరం. తెలుగు తెలిసిన ఆరోగ్య కార్యకర్త ఒకరుంటే రోగి తన బాధను తన మాటల్లో చెప్పుకోగలుగుతాడు. వయసు మీరి వేట మానుకున్న తెలుగు కళాసీలకే ఈ శిక్షణ ఇవ్వవచ్చు.

14.6.3 సముద్రంలో: తీరం దాటి దూరం వెళితే మొబైల్ సిగ్నల్ ఉండదు. బోటులో ప్రథమ చికిత్స పెట్టె, శిక్షణ పొందిన ఒక మనిషి, పని చేసే వీహెచ్ఎఫ్ రేడియో తప్పనిసరి. సముద్రంలో ఆపద కలిగితే భారత తీర రక్షక దళం నంబరు 1554. ప్రథమ చికిత్సలో కనీసం ఈ అంశాలు తెలిసి ఉండాలి:

• జెల్ల, టేకు ముల్లు చేతికో కాలికో గుచ్చుకుంటే, ఆ భాగాన్ని ఒళ్లు కాలనంత వేడి నీటిలో (45 డిగ్రీల సెల్సియస్ మించకుండా) 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని ముందుగా గాయం లేని చేతితో చూడాలి. ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగిన ముల్లును లాగకూడదు, వెంటనే తీరానికి తీసుకురావాలి.
• రక్తస్రావమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా, ఆపకుండా అదిమి పట్టాలి.
• చేపల గదిలో మనిషి పడిపోతే ఎవరూ వెంటనే దిగకూడదు. మూతలన్నీ తెరిచి గాలి ఆడేలా చేసి, సహాయం కోరాలి. శ్వాస పరికరం, నడుముకు తాడు, పైన పట్టుకునే మనుషులు ఉంటే తప్ప లోపలికి వెళ్లరాదు.
• ఉప్పునీరు తగిలిన గాయం ఎర్రబడి జ్వరం వస్తే ట్రిప్పు పూర్తయ్యే వరకు ఆగకూడదు.

14.6.4 తిరిగి వచ్చిన తరువాత: మే నెలలో మళ్లీ పరీక్షలు చేసి, ఆగిన చికిత్సలను కొనసాగించాలి. భార్యాభర్తలిద్దరికీ కలిపి కుటుంబ నియంత్రణ, సుఖవ్యాధుల సలహాలు ఇవ్వడానికి ఇదే అనువైన సమయం. గాయాల కారణాలను నమోదు చేస్తే, మరుసటి ఏడాది శిబిరంలో ఏమి నేర్పాలో తెలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) క్షయ చికిత్స మధ్యలో ఆగిపోవడానికి ఉదాహరణలో కనిపించిన కారణాలు ఏవి?
ఆ) చేపల గదిలో పడిపోయిన వ్యక్తిని కాపాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు రాయండి.

14.7 చట్టాలు, పథకాలు

1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు కార్మికులకు ఉచిత వైద్య సౌకర్యం, ప్రయాణ భత్యం కల్పించవలసి ఉండేది. అయితే అది కాంట్రాక్టరు ద్వారా వెళ్లిన, ఐదుగురు లేదా అంతకు మించిన కార్మికులకే వర్తించేలా రూపొందింది. తండేల్ కాంట్రాక్టరా, తోటి కార్మికుడా అన్న ప్రశ్న దగ్గరే ఈ రక్షణ బలహీనపడేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ నిర్వచనాన్ని విస్తరించి, సొంతంగా వలస వెళ్లి ఉపాధి పొందినవారిని కూడా చేర్చింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం చేపల వేట పనికి సంబంధించినది. 2017 నవంబర్‌లో అమలులోకి వచ్చిన ఈ ఒప్పందం వైద్య ధ్రువపత్రం, బోటులో మందులు, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, రేడియో ద్వారా వైద్య సలహా వంటి ప్రమాణాలను నిర్దేశిస్తుంది. భారతదేశం దీనిని ఆమోదించలేదు.

2018లో ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. ఈ కార్డు వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలోని ప్రమాద బీమా కింద మరణానికి లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షల రూపాయలు పరిహారంగా అందుతాయి. విద్యార్థులు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ఈ పథకాలు ఆసుపత్రిలో చేరినప్పుడో, ప్రమాదం జరిగినప్పుడో పని చేస్తాయి. రోజూ బీపీ బిళ్ల అందేలా చూడడం, దగ్గును తొలి వారాల్లోనే గుర్తించడం వాటి పరిధిలోకి రావు. ఆరోగ్య బీమా ప్రాథమిక ఆరోగ్య సంరక్షణకు ప్రత్యామ్నాయం కాదు.

14.8 తులనాత్మక అనుభవం: థాయిలాండ్

థాయిలాండ్‌లోని సముత్ సాఖోన్ రాష్ట్రంలో చేపల బోట్ల మీద, రొయ్యల షెడ్లలో పని చేసేవారిలో అధికులు మయన్మార్ నుంచి వచ్చిన వలస కార్మికులు. వారిలో కొందరికే శిక్షణ ఇచ్చి వలస ఆరోగ్య వాలంటీర్లుగా నియమించడం అక్కడి విధానం. వారు తమ భాషలో టీకాలు, క్షయ, కాన్పు గురించి తోటివారికి చెప్పి, ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళతారు. వలస కార్మికులు కొనుగోలు చేయగల ఆరోగ్య బీమా కార్డు కూడా ఉంది. ఆసియాలో 188వ ఒప్పందాన్ని మొట్టమొదట, 2019లో ఆమోదించిన దేశం థాయిలాండే.

ఈ విధానానికి పరిమితులు కూడా ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో అక్కడి రొయ్యల మార్కెట్‌లో కోవిడ్ వ్యాపించి వందలాది కార్మికులకు సోకింది. మార్కెట్‌ను, చుట్టూ ఉన్న కార్మికుల నివాసాలను మూసివేశారు. ఇరుకు గదుల్లో వసతి, పత్రాలు లేనివారిలో అధికారుల పట్ల భయం ఉన్నంతకాలం కార్డు ఒక్కటే రక్షణ ఇవ్వలేదు. మన దేశంలో శ్రీకాకుళం కార్మికుడు గుజరాత్‌లో విదేశీయుడు కాదు, పౌరుడు. అతనికి సేవలందించడానికి వీసా, అనుమతి పత్రాల అడ్డంకి లేదు. రెండు జిల్లాల ఆరోగ్య శాఖల మధ్య సమన్వయం ఉంటే చాలావరకు సాధ్యమవుతుంది.

14.9 సారాంశం

ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ ప్రజలు నివసించే చోటికి, పని చేసే చోటికి దగ్గరగా ఉండాలన్నది ఆల్మా ఆటా సూత్రం. వలస మత్స్యకారుల విషయంలో ఈ రెండు చోట్లూ వేరు కావడంతో, నివాసం ఆధారంగా నడిచే వ్యవస్థలో వారు రెండు జాబితాల మధ్య జారిపోతున్నారు. గాయాలు, క్షయ, రక్తపోటు, మూత్రపిండ వ్యాధి వంటివి చాలావరకు నివారించగలిగినవి లేదా తొలిదశలో అదుపు చేయగలిగినవి. బయలుదేరే ముందు, రేవులో, సముద్రంలో, తిరిగి వచ్చాక అనే నాలుగు దశల్లో సేవలను అనుసంధానించాలి. బీమా పథకాలు దీనికి తోడ్పడతాయి కాని దీని స్థానాన్ని భర్తీ చేయలేవు.

14.10 కీలక పదాలు

తండేల్: గుజరాత్ తీరంలో చేపల బోటు నాయకుడు, కళాసీలను సమకూర్చేవాడు.
కళాసీ: బోటులో వల లాగడం మొదలైన పనులు చేసే కార్మికుడు.
వేట నిషేధకాలం: చేపలు గుడ్లు పెట్టే కాలంలో మరపడవల వేటను నిలిపివేసే 61 రోజులు.
వలస క్యాలెండర్: వెళ్లే, తిరిగి వచ్చే నెలలను అనుసరించి రూపొందించిన సేవల కాలపట్టిక.

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వలస మత్స్యకారుల ఆరోగ్య సమస్యలను వర్గీకరించి వివరించండి.
2. వలస క్యాలెండర్ ఆధారంగా ప్రాథమిక ఆరోగ్య సేవలను ఎలా ఏర్పాటు చేయవచ్చో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆరోగ్య బీమాకు, ప్రాథమిక ఆరోగ్య సంరక్షణకు గల భేదమేమిటి?
2. థాయిలాండ్ వలస ఆరోగ్య వాలంటీర్ల విధానం నుంచి మనం గ్రహించవలసినదేమిటి?

III. అభ్యాసం
మీ గ్రామం నుంచి లేదా దగ్గరి గ్రామం నుంచి పని కోసం వలస వెళ్లే ఒక వర్గాన్ని (మత్స్యకారులు, ఇటుక బట్టీ కార్మికులు, భవన నిర్మాణ కార్మికులు మొదలైనవారు) ఎంచుకోండి. వారు వెళ్లే నెల, తిరిగి వచ్చే నెల, పని చేసే చోటు తెలుసుకుని, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనుసరించదగిన ఏడాది కాలపట్టికను ఒక పేజీలో తయారు చేయండి.